నలభయ్యారో రోజు

ఎవరింట్లో ఎంత ఉడుకుతుందో
నా ఎడమ భుజాన్ని అడగండి.
తండయార్‌పేట హౌసింగ్ బోర్డు,
ఎనిమిదో బ్లాకు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
మెట్టు మెట్టుకీ గ్యాస్ బండ
నా చెవిలో గుడుగుడుమంటుంది
మింగుడుపడని మాటలా.

పదకొండేళ్ళుగా మోస్తున్నాను.
కింది వాటా వాళ్ళకి ముప్ఫై రోజులకొకటి,
ఎదురింటి కొత్త జంటకి మూడు నెలలు, వాళ్ళకింకా వంట రాదు.
దేశమ్మక్కకి మాత్రం
ఇరవై తిరక్కుండానే ఫోను:
"చెంగయ్యా, పొయ్యి దగ్గుతోంది, రారా."
కాసిమేడు రేవులో వలలు బాగుచేసే పద్దెనిమిది మందికి
మధ్యాహ్నం అన్నం పంపుతుంది ఆమె.

ఈసారి మాఘం వెళ్ళాక ఫోను లేదు.
ఇరవై దాటింది. ముప్ఫై దాటింది.
వేరే ఏజెన్సీకి మారిందేమోనని ఒళ్ళు మండింది.
దాచడమెందుకు, బండకి ముప్ఫై రూపాయలిస్తుంది,
పైగా గ్లాసుడు మజ్జిగ.

నలభయ్యారో రోజున పిలిచింది.
ఎక్కాను.
వంటింట్లో నీలం మంట లేదు, విజిల్ లేదు,
గోడకి చెమట లేదు.
అక్క ఒక పెట్టె మీద కూర్చుని
మునగాకు దూస్తోంది.

"అన్నమేదక్కా?"
"దానిమీదే కూర్చున్నా."

చేపల పెట్టె అది, తెల్ల థర్మకోల్,
మూల మీద ఎవరిదో బోటు నంబరు ఇంకా చెరగలేదు.
చింతపండు పిప్పితో తోమి, మూడెండలు ఆరబెట్టి,
లోపల గోనెసంచి, ఆపైన వాళ్ళత్త నూలుచీర,
నడుమ చెవులదాకా ముసుగేసుకున్న తపేలా.

"నాలుగు పొంగులు రానిచ్చి దించేస్తా,
మిగతాది అది చూసుకుంటుంది.
మరిగాక కూడా కింద మంట పెడుతూ కూర్చుంటే
అది కిటికీకి చేసే వంట."

మొన్నటిదాకా మంచు పోసి
వంజరాన్ని చల్లగా దాచిన పెట్టె
అదే మందంతో అదే మూతతో
అన్నాన్ని వేడిగా దాస్తోంది.
లోపలున్నది లోపలే ఉంచడం,
అంతే దానికొచ్చిన చదువు.
ఉలవలు రాత్రి పెడితే
తెల్లారేసరికి వేళ్ళమధ్య నలుగుతాయట.
"వాటికీ నాకూ ఒకేసారి నిద్ర" అని నవ్వింది.

చెవి ఆనించి విన్నాను.
ఏమీ వినబడలేదు.
పద్దెనిమిది ఆకళ్ళు ఇంత చప్పుడు లేకుండా
ఉడుకుతాయని నాకు తెలియదు.

వరండాలోంచి చూస్తే దూరంగా మణలి,
గొట్టం కొసన మంట.
పగలూ రాత్రీ మండుతుంది,
దానిమీద ఏ తపేలా ఉండదు.
ఎన్నేళ్ళుగానో దాన్ని దారి గుర్తుగా చూసినవాణ్ణి.
ఆవేళ మాత్రం
దానికి మూత ఎవరు పెడతారా అనిపించింది.

దిగుతూ లెక్కేశాను.
ఏడాదికి పద్దెనిమిది ఎక్కేది, ఇక ఎనిమిది.
పది బండల పొగ,
కంటికి కనబడకుండా వెళ్ళి
చైత్రానికే మన నెత్తిన కూర్చునేది,
ఇకపై ఈ ఇంటినుంచి పైకి పోదు.
పెద్ద ఊరికి అదెంత? చిటికెడు.
ఉప్పూ చిటికెడే.
నాకు మూడొందలు నష్టం.
మోకాళ్ళు మాత్రం వేరే లెక్క చెప్పాయి.

రాత్రి సుగుణని అడిగాను:
"మన బండ ఎన్నాళ్ళొస్తోంది?"
ఊరందరి మంటా మోసేవాణ్ణి,
నా పొయ్యి సంగతి నాకు తెలియదు.
క్యాలెండరు తిప్పి పెన్సిలు సున్నాలు చూపించింది.
డెబ్బై మూడు.
పప్పు పొద్దున్నే నానేస్తుందట,
కోడిగుడ్లు సగం ఉడగ్గానే పొయ్యి కట్టేసి
మూతకింద వదిలేస్తుందట.

"ఎవరు నేర్పారే?"
"ఒకరు నేర్పాలా? మోసేది నువ్వేగా."

పెంకు తీసి గుడ్డు నా చేతిలో పెట్టింది.
ఇంకా వేడిగానే ఉంది.
ఉప్పు తేవడం మర్చిపోయింది.
అడగలేదు.